బిక్షమ్మ గీసిన కళ్ళు

చనిపోయినవాళ్ల చిన్న ఫోటో ఇస్తే, పీర్ మహమ్మద్ గోడకు తగిలించుకునేంత బొమ్మ వేసి ఇచ్చేవాడు. కొన్ని ఇళ్లలో శవాన్ని కూర్చోబెట్టి తీసిన ఫోటో తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అప్పుడు కళ్ళు తెరిచినట్టు వేయాలి. తల్లినో అన్ననో ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల కళ్ళు చూసి వేసేవాడు. షాద్‌నగర్‌లోని ఆ కొట్లో కూతురు ఫర్హానా చిన్నప్పటి నుంచీ ఆయన పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. కళ్ళు మాత్రం ఆయనే వేసేవాడు. పక్షవాతంతో కుడిచేయి పడిపోయి ఆయన కొట్లోనే మంచం పట్టాక, ఆ పని కూడా ఆమె మీద పడింది.

అప్పుడే బిక్షమ్మ వచ్చింది. కంపెనీలో ఊడ్చే పని ఆమెది. నాలుగేళ్ల కూతురు మమత జ్వరంతో పోయింది. పాడె కట్టే ముందు పక్కింటివాళ్లు ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కటే మిగిలింది.

ఫర్హానా తండ్రి పద్ధతిలోనే బిక్షమ్మ కళ్ళు చూసి బొమ్మ పూర్తి చేసింది. బిక్షమ్మ చాలాసేపు చూసింది.

"ఇవి నా కండ్లమ్మా. నా బిడ్డయి గావు."

"అందరికీ గట్లనే వేసిన," అన్నాడు మంచం మీది నుంచి పీర్ మహమ్మద్. "ఒక్కలన్న గిట్ల అనలే."

"నువ్వు ఊకో అబ్బా," అంది ఫర్హానా తండ్రితో. "ఎట్లుంటుండెనో చెప్పు అక్కా, మళ్ల వేస్త."

బిక్షమ్మ వేలితో గాలిలో ఏదో గీయబోయి ఆపేసింది.

"చెప్పరాదమ్మా. కండ్ల ముంగట ఆడుతున్నయి గానీ చెప్పరాదు. నాకు నేర్పు, నేనే గీస్త. మర్చిపోకముందే నేర్పు."

ఫర్హానా బొమ్మలో కళ్ళు చెరిపేసి, దాన్ని గోడవైపు తిప్పిపెట్టింది. ప్రతి ఆదివారం బిక్షమ్మ రావడం మొదలుపెట్టింది. ఫర్హానా అంతవరకూ ఎవరికీ నేర్పలేదు.

"పెన్సిల్ గంత గట్టిగ వట్టకు అక్కా, అది గడ్డపార గాదు."

"కలుపు తీసిన చెయ్యమ్మా. మెల్లగ వడితే ఊడొస్తదా?"

ఇద్దరూ నవ్వేవారు. మమత పోయాక తాను నవ్వింది ఇక్కడేనని బిక్షమ్మ ఒకసారి అంది. ఆ రోజంతా మళ్ళీ తలెత్తలేదు.

ఆమె గీసినప్పుడల్లా ఎడమకన్ను చిన్నదై, రెప్ప కిందికి జారేది. తండ్రి తనకు చేసినట్టే ఫర్హానా రబ్బరుతో తుడిచి, చేయి పట్టుకుని దిద్దేది. "రెండూ సమానం రావాలె. మళ్ల గీయి." బిక్షమ్మ మళ్ళీ గీసేది.

ఎండలు పోయి వానలు వచ్చాయి. ఒక ఆదివారం కాగితం మీద రెండు కళ్ళూ తేడా లేకుండా కుదిరాయి.

"గిదీ కన్నంటే! మమతయి గిట్లనే ఉంటుండెనా?"

బిక్షమ్మ తల అడ్డంగా ఊపింది. "నా బిడ్డకు ఎడమ రెప్ప జర వాలుండేది. పుట్టినప్పటి సంది."

"మరి మొదలే చెప్పకపోతివి?"

"గీసిన గదమ్మా. నువ్వు తుడిసినవు. నేర్పేదానివి నీకెర్కుంటది, బొమ్మల గట్ల ఉండొద్దేమో అనుకున్న."

ఫర్హానా కొత్త కాగితం ఇచ్చి, ముందులాగే గీయమంది. బిక్షమ్మ గీసింది. రెండూ సమానంగా వచ్చాయి. ఇంకోటి గీసింది. అవీ అంతే.

"చెయ్యి ఇంటలేదు," అంది.

ఫర్హానా గోడవైపున్న బొమ్మను ఇటు తిప్పి, కుంచె తీసుకుని రెప్ప వేసింది. "గింతనా?"

"ఇంకింత కిందికి. గంత గాదు. జర పైకి..." బిక్షమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచి, తాను గీసిన కాగితాల వైపు చూసింది. "ఏమో అమ్మా. యాది జేసుకుంటే గీ కాగితాల మీదివే అవుపిస్తున్నయి."

మంచం మీద పీర్ మహమ్మద్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. బొమ్మ ఆ రోజు కూడా ఇంటికి పోలేదు.

ఇక రాదనుకుంది ఫర్హానా. కానీ తర్వాతి ఆదివారం ఎప్పటి వేళకే బిక్షమ్మ వచ్చి చాప పరుచుకుంది.

"కండ్లు వద్దమ్మా ఇగ. చెట్టో, చెంబో, ఏదన్న చెప్పు. తీరికగ ఇంట్ల కూసుంటే ఊపిరాడుత లేదు."

ఫర్హానా లోపలి నుంచి ఒక ఇత్తడి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. అది ఒక పక్క సొట్టపడి ఉంది. బిక్షమ్మ పెన్సిల్ పట్టుకుని, కాగితం మీద పెట్టకుండా ఆగింది.

"సొట్టతోని గీయాల్నా అమ్మా, సొట్ట లేకుంటనా?"