వార్నిష్ గీకని తీగ

“మేకు అయస్కాంతంగా మారింది. గుండుసూదులు దానికి అంటుకున్నాయి” అని హర్షిణి ఇంగ్లీషులో తడబడకుండా ఒప్పజెప్పింది. బల్ల మీది గుండుసూదుల్లో ఒక్కటీ కదలలేదు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు.

వెనక నిల్చున్నవాళ్లకు ఫోన్ల తెరలు తప్ప బల్ల కనిపించలేదు. ముందున్నవాళ్లకు కనిపించింది కానీ, అడిగితే తమ అజ్ఞానం బయటపడుతుందేమోనని ఊరుకున్నారు. మేకుకు చుట్టిన తీగ కొసలను బ్యాటరీకి అదిమి పట్టుకున్న భౌతికశాస్త్రం టీచరు సరిత మాత్రం తల దించుకుంది.

పుప్పాలగూడ అపార్ట్‌మెంట్ టవర్ల నీడలో ఉన్న ఆ స్కూల్లో ప్రయోగశాల అద్దాల బీరువాలు అడ్మిషన్ల రోజునే తెరుస్తారు. మిగతా ఏడాదంతా విద్యుదయస్కాంతం బోర్డు మీది బొమ్మే. తాళంచెవి అడిగినప్పుడల్లా ప్రిన్సిపల్ హేమంత్ “పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయండి” అనేవాడు. హర్షిణి రెండు వారాలు వరండాలో ఖాళీ చేతులతో, లేని మేకును పట్టుకుని, లేని సూదులను చూపిస్తూ ఈ మాటలు సాధన చేసింది. అందువల్ల ఆ పిల్ల నాలుకకు ఫలితం ముందే తెలుసు. కళ్లతో ఆమెకు పని పడలేదు.

మేకు పనిచేయకపోవడానికి కారణం చిన్నదే. పాత తీగ కొసలు గీకి గీకి నల్లబడ్డాయని, చూపుకు బాగుండవని, హేమంత్ నిన్న సాయంత్రం కొత్త తీగ చుట్టించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. కొత్త రాగితీగకు వార్నిష్ పూత ఉంటుంది. కొసల దగ్గర దాన్ని గీకకపోతే కరెంటు పారదు. బీరువా తెరిచేసరికి తల్లిదండ్రులు గుమ్మంలో ఉన్నారు.

మొదటి జట్టు వెళ్లిపోగానే హేమంత్ నవ్వుతూ వచ్చాడు. “సూపరండి సరిత గారూ! పాప భలే చెప్పింది.”

“సూదులు అంటుకోలేదు సార్.”

“ఎవరు చూశారండి? కాన్ఫిడెన్స్ చూశారు.”

“కొసలు గీకాలె సార్. జర ఆగమనండి వాళ్లను.”

“గీకితే మళ్లీ నల్లగా అవుతుందనే కదండీ మార్పించింది! నెక్స్ట్ బ్యాచ్ లిఫ్ట్ ఎక్కేసింది.” అతడు గొంతు తగ్గించాడు. “మీ కాంట్రాక్ట్ రెన్యువల్ సోమవారం నా టేబుల్ మీదకి వస్తుందండి. గుర్తుంచుకోండి.”

గుర్తుచేయనక్కర్లేదు. బాలానగర్‌లో భర్త రాజేందర్ పనిచేసే లేత్ షాపు మూతబడ్డప్పటి నుంచి ఇంటి కిరాయి ఆమె జీతంలోంచే పోతోంది. ఆ షాపు జ్ఞాపకంగా మిగిలింది ఆమె సంచిలోని గరుకు కాగితం ముక్కే.

అతడు గుమ్మం వైపు వెళ్లాక హర్షిణి మెల్లగా అడిగింది. “మేడం, అవి అంటుకోలేదు గదా?”

“లేదు బిడ్డా.”

“మరి అందరెందుకు చప్పట్లు కొట్టిన్రు?” సరిత బల్ల మీది సూదులను ఒకచోటికి చేర్చసాగింది. “నేను తప్పు చెప్పిన్నా మేడం? మీరు నేర్పిందే గద చెప్పిన.”

ఆ మాటలో నిందేమీ లేదు. అందుకే అది సరితకు మరింత లోతుగా దిగింది.

రెండో జట్టు లోపలికి వచ్చింది. “మా స్కూల్లో అంతా హ్యాండ్స్ ఆన్ అండి, పిల్లలే చేస్తారు” అని హేమంత్ వాళ్లకు చెప్పి, “స్టార్ట్ చేయమ్మా హర్షిణీ” అన్నాడు.

హర్షిణి నోరు తెరిచింది.

“ఆగు. చూసినంక చెప్పు” అంది సరిత. మేకును పిల్ల చేతికిచ్చి, సంచిలోంచి గరుకు కాగితం తీసింది. “కొసలు గీకు. ఎర్రగ కనవడేదాక.”

“సరిత గారూ, టైమ్ లేదండి. పాపను చెప్పనివ్వండి.”

“కానిది అయిందని ఇగ నేను చెప్పించను సార్. కావాలంటే మీరే చెప్పుకోండి.”

హేమంత్ తల్లిదండ్రుల వైపు తిరిగి నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. అతడి చేయి బీరువా తాళంచెవి మీదకు పోయింది. ఫోనెత్తి వీడియో తీస్తున్న ఒక తల్లి ఫోను దించి, బల్ల దగ్గరకు ఒక అడుగు వేసింది.

ఎంత ఒత్తిడితో గీకాలో హర్షిణికి తెలియదు. తీగ ఒకసారి వంగింది, సరి చేసుకుంది. తెల్లని బల్లగుడ్డ మీద వార్నిష్ పొడి రాలుతోంది. ఒక కొస ఎర్రబడింది. రెండోది మిగిలే ఉంది.