నా మెడలో వాళ్ల గొలుసులు

లహరి ఫోను నా మొహానికి ఎదురుగా పెట్టి, "అమ్మా, ఇప్పుడు నువ్వు చెప్పు. మన పార్కు ట్రిప్పుల్లో నీ ఫేవరెట్ మ్యాజికల్ మెమరీ ఏంది?" అంది.

లహరి నా కూతురు, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ఏటా వేసవిలో మిరపకాయలు అమ్ముడుపోయాక నరసరావుపేట నుంచి మా ఇంటిల్లిపాదీ హైదరాబాదు దగ్గరున్న నీళ్ల పార్కుకు వెళతాం. ఆ ముచ్చట్లన్నీ కలిపి వీడియో చేస్తానని ఆ ఆదివారం అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది. నా వంతు వచ్చేసరికి మిగతావాళ్లందరూ చెప్పేశారు. మా ఆయన శివరామయ్య, అలల కొలనులో పెద్ద అల వచ్చి మీద పడితే నిక్కరు జారిపోయిన సంగతి చెప్పి తనే పడీపడీ నవ్వాడు. మా మరిది జయకర్, పైనుంచి కిందికి జారే గొట్టంలో దేవుళ్లందరికీ మొక్కుకున్నానన్నాడు. అతని భార్య యశస్విని, వాన డ్యాన్సు చేసిన రోజంత సంతోషం తన పెళ్లిలో కూడా లేదంది. మా అబ్బాయి భరత్ కూడా ఏదో చెప్పాడు.

"నా మెమరీనా? పార్కింగులో కానుగచెట్టు," అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఈ ధనమ్మ జోకు వేసిందనుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు నవ్వుతారు? నేను చూసింది అదే గదా! మీరందరూ లోపలికి పోయేది, సాయంత్రం దాకా నేను ఆ చెట్టు కింద కూర్చునేది. ఏడెనిమిదేళ్లుగా ఇదే గదా తంతు?"

"నీకు అయ్యన్నీ ఇష్టం ఉండవు గదమ్మా," అన్నాడు భరత్.

"ఉండవని నీకెవరు చెప్పార్రా?"

వాడు వాళ్ల నాన్న వైపు చూశాడు. నాన్న ఫ్యాను వైపు చూశాడు. ఎవరూ చెప్పలేదు మరి, ఏం చెబుతారు?

మొదటిసారి వెళ్లిన ఏడు నేను తెల్లారకముందే లేచి పులిహోర, కోడివేపుడు, పెరుగన్నం చేసి క్యారేజీలకు ఎత్తాను. తీరా గేటు దగ్గర బయటి తిండి లోపలికి పోనివ్వం అన్నారు. ఇంట్లో వండిన అన్నం పారెయ్యడానికి మాకు చేతులు రావు. వ్యానులో పెడితే ఎండకు పాచిపోతుంది. "మీరు పోయిరండి, నేను చూస్తుంటాలే," అన్నాను. ఆ ఒక్క మాటతో అది నాకు ఉద్యోగమైపోయింది. తరువాతి ఏడూ వండించారు. ఆ తరువాతా వండించారు. లోపలికి రానివ్వరని తెలిసీ ఆ అన్నాన్ని అంతదూరం ఏటా ఎవరైనా మోసుకెళతారా? మా వాళ్లు మోసుకెళతారు. ఎందుకంటే గేటు బయట కాపలాకి నేనున్నాను.

దానికి తోడు బంగారం. ఊరు దాటితే మెడలో గొలుసు లేకుండా మా ఆడవాళ్లకు అడుగు పడదు. నీళ్లలోకి దిగేముందు మాత్రం అన్నీ తియ్యాలి. లోపల లాకర్లున్నాయి. కానీ "పరాయిచోట బంగారం పెట్టటమేందక్కా, ఖర్మ!" అని యశస్విని తన గొలుసు తీసి నా మెడలో వేసేది. లహరి కూడా అంతే. మొగవాళ్ల ఉంగరాలు, బ్రాస్‌లెట్లు నా కొంగున ముడివేసేవాళ్లు. ఫోన్లు నా ఒళ్లో పోసేవాళ్లు. అంత బంగారం దిగేసుకుని, విడిచిన చెప్పుల మధ్య, క్యారేజీల పక్కన కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు నన్ను వింతగా చూసేవాళ్లు. మా వ్యాను డ్రైవరు మన్సూర్ ఒక్కడే, "ఏంది ధనమ్మక్కా, ఒక్కసారన్నా లోపలికి పోవా?" అని అడిగేవాడు. గోడ అవతల నుంచి కేకలు, కేరింతలు వినపడుతూనే ఉండేవి. చిన్నపిల్లల ఆటలు, నాకెందుకులే అని నాకు నేనే సర్ది చెప్పుకునేదాన్ని.

"ఈ ఏడు నేను లోపలికొస్తా. వంట చెయ్యను. మూటలు కాయను," అని అందరి ముందూ తెగేసి చెప్పాను.

"మోకాళ్ల నొప్పులతో ఏం దిగుతావే నువ్వు?" అన్నాడు మా ఆయన.

"శివరాత్రికి కోటప్పకొండ మెట్లెక్కేటప్పుడు మీ అందరి కొబ్బరికాయల సంచి ఎవరయ్యా మోసింది? అప్పుడు గుర్తురాలేదా నా మోకాళ్లు?"

"సరేలే వదినా, ఈసారి నువ్వూ వద్దువుగాని," అన్నాడు జయకర్. నిజమే అనుకున్నాను. పిచ్చిదాన్ని.

బయలుదేరిన రోజు నేను వంటింటి గడప తొక్కలేదు. తలంటు పోసుకుని, అందరికంటే ముందు వ్యానెక్కి కూర్చున్నాను. మన్సూర్ అద్దంలో చూసి, "ఏందక్కా, ఈయాల క్యారేజీల్లేవు?" అన్నాడు. "లేవు, ఈయాల నేనూ లోపలికే," అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత బాగుందో చెప్పలేను.

పిడుగురాళ్లలో టిఫిను చేశాక జయకర్ హోటల్లోంచి రెండు పెద్ద సంచులు పట్టుకుని వచ్చాడు.

"ఏంది జయా అయ్యి?"

"బిర్యానీ వదినా, మధ్యానానికి. లోపల తిండి చప్పగా ఉంటది, మనకి ఎక్కదు."

"లోపలికి రానివ్వరు గదా?"

"చూద్దాంలే."

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, నార్కెట్‌పల్లి చేరేదాకా నోరు మెదపకుండా కూర్చున్నాను. పొద్దున్నే గొడవెందుకు, బిర్యానీ పాచిపోతే పోతుంది, నాకేం అనుకున్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచిలోకి తొంగిచూసి, "బయటి ఫుడ్డు లోపట్కి నడ్వది సార్," అన్నాడు.

మా వాళ్లలో ఒక్కరూ అతనితో వాదించలేదు. ఒక్కరూ ఏం చేద్దామని అనలేదు. అందరూ ఒకేసారి తిరిగి నా వైపు చూశారు. యశస్విని అప్పటికే రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి గొలుసు కొక్కెం తీస్తోంది. జయకర్ చేతులకు కట్టుకునే కాగితం బ్యాండ్లు పంచుతున్నాడు. అన్నకిచ్చాడు, పిల్లలకిచ్చాడు, పెళ్లానికిచ్చాడు, తను ఒకటి కట్టుకున్నాడు. చేతులు దులుపుకున్నాడు.

"నాదేది?" అన్నాను.

"అది... ఆన్‌లైన్లో బుక్ చేసేటప్పుడు... ఎప్పుడూ ఉండే లెక్క కొట్టేశా వదినా. నువ్వు ఊరికే కోపంలో అన్నావేమో అనుకున్నా."

అరికాలి మంట నెత్తికెక్కింది. కోపంలో అన్నానట! కోపంలో అన్న మాట మాట కాదట! మా ఆయన బ్యాండు ఇంకా కట్టుకోలేదు, వేళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు. ఠక్కున లాక్కున్నాను.

"ఏందే ఇది?"

"నేను పోతున్నా. నువ్వు కూర్చో."

"వదినా, ఉండు, కౌంటర్లో ఇంకోటి తీసుకుంటా," అన్నాడు జయకర్.

"తీసుకో. మరి ఈ సంచులు ఎవరు కాస్తారు? ఈ బంగారం ఎవరు కాస్తారు? నువ్వు కాస్తావా?"

జయకర్ నేల చూపులు చూశాడు.

"కాయవు గదా? అయితే మీ అన్నే కాస్తాడు." యశస్విని చేతిలో వేలాడుతున్న గొలుసు తీసుకుని మా ఆయన మెడలో వేశాను. లహరి గొలుసు తీసి వేశాను. నాది తీసి వేశాను. ఫోన్లన్నీ ఆయన చేతుల్లో పోశాను.

"పదిమందిలో ఏం రచ్చే ఇది? సిగ్గులేదూ?"

"పదిమందిలో ఇన్నేళ్లు నేను కూర్చుంటే నీకు సిగ్గయిందా? కూర్చో!"

వెనక లైనులో వాళ్లు జరగమని అరుస్తున్నారు. ఆయన రెండు సంచులూ పట్టుకుని పక్కకు జరగక తప్పలేదు. నేను వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి నడిచాను.

లోపల నైలాను చొక్కా, ప్యాంటు అద్దెకిచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ప్యాంటు వెయ్యలేదు. సిగ్గుతో చచ్చాను. కానీ అలల కొలనులో మొదటి అల వచ్చి నన్ను ఎత్తి పడేసిందా, ఆ సిగ్గు ఎటు పోయిందో తెలియదు. గట్టిగా కేకపెట్టాను. మళ్లీ అల, మళ్లీ కేక. ముక్కులోకి నీళ్లు పోయి దగ్గాను, దగ్గుతూనే నవ్వాను. గొట్టంలో జారాను. వాన డ్యాన్సులో ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి నా చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పింది. పొద్దెక్కిందో వాలిందో కూడా చూడలేదు.

అప్పుడు వచ్చింది అసలు కోపం. ఇంత బాగుంటుందా ఇది! ఇన్నేళ్లూ పిల్లల ఆటలని మనసుకు సర్దిచెప్పుకున్నానే, ఇంత సుఖం లోపల పెట్టుకుని, తడి జుట్టుతో బయటికి వచ్చి, "ఆకలేస్తోందమ్మా, ఏం చేశావు?" అని అడిగారా వీళ్లు! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "నువ్వు కూడా చూస్తే బాగుండేదే" అనలేదు. నీళ్లలో నిలబడి ఏడ్చాను. మొహమంతా తడే కనుక ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం బయటికి వచ్చేసరికి మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మొహం కందగడ్డయింది. మెడలో గొలుసులు, జేబుల నిండా ఫోన్లు, చేతిలో పాచిపోయిన బిర్యానీ సంచులు.

"మనుషులేనా మీరు?" అని అరిచాడు. "పొద్దుననగా పోయారు! ఒక్కరన్నా గేటుదాకా వచ్చి చూశారా? ఫోన్లన్నీ నా దగ్గరే ఉంటే ఎవరికి చెయ్యను? ఉచ్చపోసుకోటానికి పోదామంటే ఈ బంగారం ఎవరికిచ్చి పోను? నేనేమన్నా మీ కాపలా కుక్కనా?"

అంతే, మా వాళ్ల హడావిడి చూడాలి! "తప్పైపోయింది అన్నా," అంటూ జయకర్ సంచులు అందుకున్నాడు. యశస్విని పరుగెత్తి కొబ్బరిబొండాం తెచ్చింది. "సారీ నాన్నా, సారీ నాన్నా," అంటూ భరత్ భుజం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఒకడు విసురుతున్నాడు, ఒకరు మెడలో గొలుసులు మెల్లగా తీస్తున్నారు. ఇన్నేళ్లలో నాకు ఒక్క సారీ లేదు, ఒక్క బొండాం లేదు. ఆయనకు ఒక్క పూటకే అన్నీ వచ్చేశాయి. నేను తడి జుట్టుతో నిలబడి చూస్తున్నాను.

లహరి తండ్రి పక్కన నేల మీద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, నా వైపు తిరిగింది. దాని కళ్లలో నీళ్లు.

"నువ్వు మరీ ఇంత కఠినం ఏందమ్మా? మేమంటే మర్చిపోయాం. నువ్వన్నా మధ్యలో ఒక్కసారి వచ్చి నాన్నని చూసి పోవచ్చు గదా?"

"మీలో ఒక్కరన్నా ఎప్పుడన్నా నాకోసం అట్టా వచ్చి ఉంటే," అన్నాను, "అట్టా రావాలని నాకూ తెలిసేదే."