చుక్కల గుండు కదిలిన రోజు

అబద్ధాలాడే మనిషైతే ఇంత బాధ ఉండేది కాదు. పెనుకొండ దగ్గర గొల్లగుట్టకు అటవీశాఖ వాచరుగా వచ్చి దేవసహాయానికి మూడు నెలలే అయింది గానీ, ఇరవై ఆరేళ్ల నౌకరీలో ఒక్క దొంగ రిపోర్టు రాయలేదు. చిరుతను చూశానని రాసినప్పుడు కూడా కంటికి కనబడిందే రాశాడు. తప్పు కంట్లో లేదు, కంటి ముందున్న అద్దాలను మోసిన మూడు కాళ్లలో ఉంది. ఆ కాళ్లను ఏరికోరి తెచ్చుకున్నది మాత్రం ఆయనే.

ఆఫీసు నుంచి పెద్ద బైనాక్యులర్ వచ్చింది. చేత్తో పట్టుకుంటే రెండు నిమిషాలకే మణికట్లు లాగేంత బరువు. స్టాండు నువ్వే చూసి తెచ్చుకో అన్నాడు రేంజరు. హిందూపురంలో పెళ్లి ఫొటోల సామాన్లమ్మే అంగడికి పోతే, అంగడాయన బాలాజి లావు కాళ్ల స్టాండొకటి ముందు పెట్టాడు. దేవసహాయం ఎత్తి చూసి మొహం చిట్లించాడు. గుట్టెక్కాల్సింది బాలాజి మోకాళ్లు కాదు కదా! మూలనున్న సన్నకాళ్లదాన్ని ఒక వేలితో ఎత్తి, ఇది చాలన్నాడు.

"అన్నా, అది సెల్‌ఫోన్లకు. నీ అద్దాల బరువుకు ఆగదు. తీసుకుంటే తీసుకో గానీ నడిమి కడ్డీ పైకి లాగొద్దు, గాలికి ఊగుతాది," అన్నాడు బాలాజి.

"నాకు చెప్తాండావా అబ్బా? నీ వయసంత సర్వీసుండాది నాకు!"

గుట్ట మీద ఆయన చేసిన మొదటి పని నడిమి కడ్డీని కంటి ఎత్తుదాకా లాగడం. వంగితే నడుము పట్టేస్తుంది మరి. ఆషాఢం గాలి ఈడ్చి కొడుతోంది. ఎదురుగట్టు మీద మచ్చలమచ్చల ఒళ్లొకటి పడుకొని కనిపించింది. కదిలింది కూడా. అద్దంలో పొదలూ కదిలాయి, ఆకాశమూ కదిలింది. వాటినెవరు పట్టించుకుంటారు? పక్క మండలంలో చిరుత తిరుగుతోందని వారం రోజులుగా వింటున్నాడాయె. "చిరుత!" అని కేకేశాడు.

కాపరులంతా పరుగెత్తుకొచ్చారు. యల్లక్క ఒక్కతే తన పదకొండు గొర్రెల మధ్య, ఒక కాలు మడిచి, చేతికట్టె మీద గడ్డం ఆనించి, నిలబడ్డచోటే నిలబడి చూసింది.

"చిరుత యాడిది దేవసాయప్పా? అది చుక్కల గుండు, వట్టి బండ. మా అవ్వ కాలం నుంచీ ఆడే ఉండాది."

"ఈ అద్దం ఇరవై రెట్లు దగ్గరికి తెస్తాది. నీ కండ్లు ఎన్ని రెట్లు తెస్తాయి యల్లక్కా?"

అందరూ పగలబడి నవ్వారు. యల్లక్క తల దించుకుని గొర్రెలను అదిలించుకుంది.

గుట్టకు మేత బందయింది. చిరుతను ముందే పసిగట్టాడని ఊళ్లోవాళ్లు దేవసహాయానికి శాలువా కప్పారు. వానలింకా పడలేదు, కింద గడ్డిపరక లేదు. మగదిక్కున్న ఇళ్లవాళ్లు మందలను గోరంట్ల పక్కకు తోలుకుపోయారు. ఒంటిమనిషి యల్లక్క ఎక్కడికి పోతుంది? మూడో వారం కుంటిగొర్రె ఒకటి తప్ప తక్కినవన్నీ సంతలో అమ్మేసింది.

ఇంతలో రేంజరు ఫొటో అడిగాడు. అద్దానికి సెల్‌ఫోను ఆనించి ఎన్ని తీసినా అన్నీ అలుక్కుపోయినవే. నిజం తేల్చుకుందామని కాదు, ఫొటో బాగా రావాలని దేవసహాయం ధర్మవరం పోయాడు. అక్కడ మగ్గాలు చేసే వడ్రంగి కుళ్లాయప్ప ఆ స్టాండు కడ్డీని గోటితో మీటాడు. ఆయన బీడీ ముట్టించుకున్నాక కూడా అది వణుకుతూనే ఉంది.

"మగ్గం రవ్వంత కదిలితే చీరంతా చెడుతాది. అందుకే గుంజలు భూమిలో పాతుతాము. దీని మీద పెట్టి ఏం చూసినావప్పా?"

కుళ్లాయప్ప పొట్టిగా, లావుగా మూడు కొయ్యకాళ్లు చేసి, అడుగున రాయి వేలాడదీయడానికి కొక్కెం బిగించి ఇచ్చాడు. "కాళ్లు ఎడంగా పెట్టు. అది పెరగదు, నువ్వే వంగాల," అన్నాడు.

గుట్ట మీద దేవసహాయం వంగాడు. అదే గాలి. అద్దంలో మాత్రం ఏదీ ఊగలేదు. ఎదురుగట్టు మీద పెద్ద గుండు, దాని ఒళ్లంతా నాచులా పట్టిన రాతిపువ్వు మచ్చలు. చిరుత మెడ అనుకున్నచోట ఒక తొండ ఎండ కాచుకుంటోంది.

తల కొట్టేసినట్టయింది. చుట్టూ ఎవరూ లేకపోయినా చెవులు కాలిపోయాయి. 'చిరుత వెళ్లిపోయింది' అని రాస్తే చాలు, గుట్టా తెరుస్తారు, శాలువా పరువూ నిలుస్తుంది. ఆ ముక్క రాశాడు కూడా. రాసిందాన్ని చూసుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేరమంతా స్టాండు మీదికి నెట్టేద్దామన్నా, దాన్ని ఎంచుకున్న వేలు తనదే. కాగితం చింపి మళ్లీ రాశాడు: 'చిరుత లేదు. ఎప్పుడూ లేదు. నేను చూసింది బండ. యల్లక్క ఆ రోజే చెప్పింది.'

ఆ కాగితంతో ముందు యల్లక్క ఇంటికే పోయాడు. ఆమె వాకిట్లో కుంటిగొర్రెకు వేపాకు వేస్తోంది. చదివి వినిపించాడు, గాలికి అద్దాలు ఊగిన సంగతీ చెప్పాడు. ఆమె ఇంకో రెమ్మ విరిచి గొర్రె ముందు వేసింది.

"తిట్టు యల్లక్కా. పదిమందిలో నిన్ను నవ్వులపాలు చేస్తి. నీ మంద నా వల్లనే పాయ."

"తిడితే వస్తాయా అప్పా?" అంది. గోడకానించిన చేతికట్టె తీసి తుడిచింది. "అద్దాలు ఊగుతాండాయని ఆ పొద్దు ఒక్క మాట అనింటే ఈ కట్టె ఇచ్చుంటి గదా, ఆనించుకునేదానికి. నలభై ఏండ్లుగా నా గడ్డం కింద ఊగలేదు ఇది."

కట్టె ఆయన వైపు చాపింది.

"తీసుకుపో. ఇంగ నాకేం పనుండాది దీంతో?"

దేవసహాయానికి చెయ్యి లేవలేదు.