మాస్టారి మీద వేసిన జోకు

ఆ డయాలసిస్ హాల్లో పొద్దుటి షిఫ్టు వాళ్ళకి ఒకరినొకరు పేర్లతో పిలుచుకునే అలవాటు లేదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఆయన కండక్టర్ గారు. ఆయన పక్క కుర్చీలో లెక్కల మాస్టారు. ఎదురు వరసలో ఉండే అమ్మాయి బట్టలు కుడుతుంది కాబట్టి టైలరమ్మాయి. వీళ్ళందరి చేతులకీ సూదులు గుచ్చి, మెషీన్లకి తగిలించి, మధ్యాహ్నానికి విప్పి ఇళ్ళకి పంపే ఆవిడ పెద్ద సిస్టర్. ఆమె నడుము నొప్పితోనే ఏళ్ళ తరబడి ఆ హాల్లో నెట్టుకొస్తోంది.

అక్కడికి వచ్చేవాళ్ళు రోజు విడిచి రోజు రావాలి. రాకపోతే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. వస్తే బతుకుతారు గానీ బాగుపడరు. అది అందరికీ తెలిసిన సంగతే గనక ఎవరూ ఎత్తరు. ఎత్తేది కండక్టర్ ఒక్కడే, అదీ జోకుగా. బరువు చూసే మిషన్ ఎక్కిన ప్రతిసారీ "లగేజీ ఎక్కువైంది, దించండి" అనేవాడు. ఎవరి మెషీనైనా కుయ్యిమని మోగితే "యముడు మిస్డ్ కాల్ ఇచ్చాడు, ఎవరూ తిరిగి చెయ్యకండి" అనేవాడు. మాస్టారు కళ్ళు మూసుకునే నవ్వేవారు. కడుపు కదిలితే సూది కదులుతుందని ఆయన భయం.

టైలరమ్మాయికి కుదిరిన సంబంధం, కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక తప్పిపోయింది. ఆ కబురు హాల్లోకి వచ్చిన రోజు కండక్టర్ ఆమె వైపు తిరిగి, ఈ మెషీన్‌ని మించిన మొగుడు నీకు దొరకడమ్మా, కట్టుకున్నవాడెవడైనా ఇంతసేపు చెయ్యి వదలకుండా కూర్చుంటాడా అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ అమ్మాయీ నవ్వింది. అప్పట్నుంచి ఆ మెషీన్‌కి అల్లుడుగారని పేరు పడిపోయింది. ఆఖరికి పెద్ద సిస్టర్ కూడా, అల్లుడుగారికి ఫిల్టర్ మార్చాలి అనడం అలవాటు చేసుకుంది.

ఈ జోకుల్ని సిస్టర్ ఇంటికి పట్టుకెళ్ళి అన్నాల దగ్గర భర్తకి చెప్పేది. ఆయన నవ్వేవాడు కాదు. అక్కడ మనుషులు పోతుంటే మీకు నవ్వెలా వస్తుందని అడిగేవాడు. పోతుంటేనే వస్తుంది అని చెప్పాలనిపించేది ఆమెకి. కానీ అది విడమరిచి చెప్పడానికి ఓపిక ఉండేది కాదు. కంచాలు తీసేసి వెళ్ళి నడుం వాల్చేది.

మాస్టారు ఒక ఆదివారం ఇంట్లోనే పోయారు. మర్నాడు ఆయన కుర్చీ మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. దానికేసి ఎవరూ చూడలేదు. కండక్టర్ మాత్రం ఆ కుర్చీనే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మొత్తానికి మాస్టారికి లాంగ్ బెల్ కొట్టేశారు. మనం ఇంకా పీరియడ్‌లోనే ఉన్నాం. హోంవర్క్ ఇవ్వకుండా పోయాడు, అదొక్కటే సంతోషం."

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పొద్దుట్నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగినట్టు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. చేతిలో దూది పట్టుకుని పెద్ద సిస్టర్ కూడా నవ్వింది. నవ్వుతూనే వెనక్కి తిరిగింది. గుమ్మంలో మాస్టారి భార్య నిలబడి ఉంది.

మాస్టారు హాల్లో వేసుకోవడానికి ఒక జత రబ్బరు చెప్పులు అక్కడే అట్టిపెట్టుకునేవారు. అరలో ఆయన దుప్పటీ, కళ్ళజోడు పెట్టె కూడా ఉన్నాయి. వాటికోసం వచ్చిందావిడ. చెప్పులు అప్పటికే చేతిలోకి తీసుకుంది. పెద్ద సిస్టర్ ఆమె దగ్గరికి వెళ్ళేలోపే, దుప్పటినీ, పెట్టెనీ తీసుకోకుండా వెనుదిరిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే మాస్టారి ఇంటి నుంచి ఆసుపత్రి మేనేజర్‌కి ఫోన్ వచ్చింది. ఆయన పెద్ద సిస్టర్‌ని గదిలోకి పిలిచి, పెద్దగా కేకలేమీ వెయ్యకుండానే, మీరు కూడా నవ్వారట కదా అన్నాడు. ఆమె నవ్వానంది. రోగుల మనోభావాలు దెబ్బతీసే వ్యాఖ్యలు చేయరాదని ఒక కాగితం ప్రింటు తీసిచ్చి గోడకి అంటించమన్నాడు. ఆమె అంటించింది. కండక్టర్ దాన్ని పైనుంచి కిందికి చదివి, వెళ్ళి కుర్చీలో చెయ్యి చాపుకుని కూర్చున్నాడు.

అప్పట్నుంచి హాలు మూగబోయింది. టీవీ గొంతు పెంచుకున్నారు. కొందరు దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నారు. చివరి కుర్చీ పెద్దాయన, ఆ కాస్త నవ్వు కోసమే మంచం దిగి వస్తున్నాను తల్లీ, అది కూడా తీసేస్తే ఎలా అని సిస్టర్‌ని అడిగాడు. ఆయన పక్కావిడేమో, తను పోయాక కూడా ఇలాగే నవ్వుతారన్నమాట అని కూతురితో అందట. సిస్టర్ ఇద్దరికీ తలూపింది. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఏది ఎక్కువ నిజమో తేల్చుకునే తీరిక లేదు, ఎవరిదో మెషీన్ మోగుతోంది.

ఒక రోజు టైలరమ్మాయికి సూదులు తీసి, చేతి మీద దూది అదిమి పట్టుకుని, సిస్టర్ మామూలుగానే అంది, అల్లుడుగారు ఇవాళ బుద్ధిగా పనిచేశారని. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

"ఆ మాట ఇంక అనకండి సిస్టర్."

సిస్టర్ చెయ్యి ఆగింది. "నీకు నచ్చదా?"

"ఎప్పుడూ నచ్చలేదు."

"మరి నువ్వూ నవ్వేదానివి కదే?"

"నవ్వకపోతే ఏం చెయ్యను? చెయ్యి మెషీన్‌కి కట్టేసి ఉంటుంది. లేచి వెళ్ళిపోవడానికి లేదు. అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నే ఏడుపు ముఖం పెట్టుకుని అన్ని గంటలు కూర్చోవాలి. నవ్వేస్తే తొందరగా అయిపోతుంది."

ఎదురు కుర్చీలో కండక్టర్ కళ్ళు మూసుకుని ఉన్నాడు గానీ నిద్రపోవడం లేదు. కాసేపటికి అలాగే కళ్ళు మూసుకుని, నువ్వు అప్పుడే ఒక్క మాట అని ఉండాల్సింది కదమ్మా అన్నాడు. అని ఉంటే, ఈ మాత్రం జోకు కూడా తట్టుకోలేవా అని మీరే దాని మీద ఇంకోటి వేసేవారు అంది ఆ అమ్మాయి. కండక్టర్ ఆలోచించాడు. "వేసేవాణ్ణే" అన్నాడు.

ఆ వారం చివర్లో ఆయన సిస్టర్‌ని ఒక సాయం అడిగాడు. మాస్టారి ఇంటికి వెళ్ళాలి, డయాలసిస్ అయ్యాక ఒంటరిగా మెట్లెక్కే సత్తువ ఉండదు, తోడు వస్తావా అని. డ్యూటీ దిగాక ఇంటికి పోయి కాళ్ళు చాపుకోవడం తప్ప సిస్టర్‌కి వేరే కోరిక లేదు. అయినా వస్తానంది. అరలో మిగిలిపోయిన దుప్పటినీ, కళ్ళజోడు పెట్టెనీ సంచిలో పెట్టుకుంది.

ఇద్దరూ ఆటోలో వెళ్ళి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కారు. మాస్టారి భార్య తలుపు తీసి, గుర్తుపట్టి, కూర్చోమని కూడా అనకుండా పక్కకి తప్పుకుంది. ముందు గదిలో మాస్టారి కుర్చీ, దాని పక్కన ఆయన మందుల డబ్బా ఇంకా అలాగే ఉన్నాయి. ఆవిడ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. సిస్టర్‌కి గ్లాసు నిండా, కండక్టర్‌కి సగం కంటే తక్కువ. ఇచ్చాక తను చేసిన పని తనకే తెలిసి, ఒక్క క్షణం ఆ గ్లాసు వైపు చూస్తూ నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో మాస్టారికి నీళ్ళు కొలిచి పోసిన చెయ్యి అది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు కండక్టర్. ఇంకేమైనా అంటాడేమోనని సిస్టర్ చూసింది. ఆయన ఆ కాసిని నీళ్ళూ తాగి గ్లాసు కింద పెట్టాడు.

ఆవిడ నెమ్మదిగా, ఎవరి మీదా కోపం లేనట్టు మొదలుపెట్టింది.

"ఆయన మీ జోకులన్నీ ఇంటికొచ్చి చెప్పేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. నువ్వు నవ్వవేంటే అని విసుక్కునేవారు. అక్కడ మీతో నవ్వేసి వచ్చి, ఇక్కడ నాతో ఏ మాటా లేకుండా గోడకేసి తిరిగి పడుకునేవారు. ఆయన నవ్వంతా మీకే ఇచ్చేశారు. ఆ రోజు నేను చెప్పులు తీసుకుని వస్తుంటే మీరంతా మళ్ళీ నవ్వుతున్నారు."

సిస్టర్ ఏదో అనబోయింది. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"క్షమించడాలూ అవీ నన్ను అడక్కండి. అంత ఓపిక లేదు నాకు. వచ్చారు, చాలు."

దుప్పటినీ, పెట్టెనీ తీసుకుని కుర్చీ మీద ఉంచింది. మెట్ల దాకా వచ్చి, కండక్టర్ దిగుతుంటే పైనుంచి లైటు వేసింది.

ఆటోలో సిస్టర్ అడిగింది, ఇంత దూరం వచ్చి ఆ ఒక్క మాటేనా అనడం అని. కండక్టర్ చేతి కట్టు సర్దుకుంటూ చెప్పాడు. మాస్టారికీ తనకీ ఒక ఒప్పందం ఉందట. ఎవరు ముందు పోతే రెండోవాళ్ళు వాళ్ళ మీద మంచి జోకు ఒకటి వెయ్యాలి. హాల్లో ఎవరూ ఏడుస్తూ కూర్చోకూడదు. ఆ లాంగ్ బెల్ మాట కూడా మాస్టారిదేనట, తన కోసం తనే రాసిపెట్టుకున్నట్టు ముందే చెప్పి ఉంచారట.

"మరి ఆ సంగతి ఆవిడకి చెప్పొచ్చుగా" అంది సిస్టర్.

"చెప్తే ఏమవుద్ది? ఆయన ఆఖరి జోకు కూడా నాకే చెప్పాడని తెలుస్తది. ఇప్పటికే ఆవిడ వాటా చాలా తినేశాం."

తను వెళ్ళి చెప్పాలా అని సిస్టర్ ఆ తర్వాత చాలా రోజులు అనుకుంది. చెప్పలేదు. చెప్తే ఆవిడకి ఊరటో, ఇంకో దెబ్బో ఆమెకి అంతుపట్టలేదు.

హాల్లో కండక్టర్ మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు గానీ మునుపటి దూకుడు లేదు. నోటిదాకా వచ్చిన మాటని ఆపుకుని, ఎదురు కుర్చీ వైపు చూసేవాడు. ఒకరోజు టైలరమ్మాయే ఆ చూపు భరించలేక చెప్పింది, నా పెళ్ళి మీద వద్దు, నేను ఉండగా చావు మీద వద్దు, మిగతా వాటి మీద మీ ఇష్టం అని. ఆ రెండూ తీసేస్తే మన దగ్గర ఇంకేం మిగిలిందమ్మా అన్నాడాయన. అది జోకో కాదో ఎవరికీ తెలియలేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ నొచ్చుకోలేదు కూడా.

మాస్టారి కుర్చీలోకి కొత్తాయన వచ్చాడు. బ్యాంకులో పనిచేస్తాడట. సూది చూసి ముఖం పాలిపోయింది. బాగా నొప్పా అని పక్కకి తిరిగి కండక్టర్‌ని అడిగాడు. కండక్టర్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, దుప్పటి మందంగా ఉన్నది తెచ్చుకోండి సార్, ఇక్కడ చలేస్తుంది అని మాత్రం అన్నాడు.

"భయపడకండి" అంది ఎదురుగా టైలరమ్మాయి. "ఆయన మాట కంటే సూదే నయం."

కండక్టర్ పడీపడీ నవ్వాడు. కొత్తాయనకి నవ్వాలో కూడదో తెలియక సిస్టర్ వైపు చూశాడు. ఆమె ఆయన చెయ్యి తిప్పి, నరం కోసం వేలితో వెతుకుతూ, "కదలకండి" అంది.