మలుపులో ఆపిన సుమో

ఖాళీ సుమో కదిలింది. స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు.

"తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూ దాని డ్రైవరు బియాక్లియానా చేతిలో టీ ఫ్లాస్కుతో పరుగెత్తాడు. వాడవాళ్ళు పారలు వదిలేసి గోడవారకు ఒదిగారు. బండి నలభై అడుగులు వెనక్కి జారి, మట్టిగుట్టలో కూరుకుపోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఐజాల్‌లో ఆ శనివారం వాడంతా కలిసి, వానకు రోడ్డు మీద పడ్డ రాళ్ళు ఏరుతోంది. అందరూ బియాకా అని పిలిచే ఆ డ్రైవరు భార్య థన్‌పుయి కూడా ఆ పనిలోనే ఉంది. ఆమెకు టీ ఇద్దామనే అతను మలుపులో బండి ఆపాడు. హ్యాండ్‌బ్రేకు పట్టడంలేదని వెనక చక్రం కింద రాయి పెట్టి మరీ దిగాడు.

ఇంకొక్క కేసు పడితే తాళాలు తీసేసుకుంటానని బండి యజమాని నెల కిందటే చెప్పాడు.

ఇంతలో అక్కడికి వచ్చిన ట్రాఫిక్ కానిస్టేబుల్ నుంజిరి కేసుల పుస్తకం తెరిచింది. "పు బియాకా, చక్రం కింద రాయి పెట్టలేదా?" అని గౌరవంగానే అడిగింది. అక్కడ మగవాళ్ళ పేరుకు ముందు 'పు', ఆడవాళ్ళ పేరుకు ముందు 'పి' అంటే 'గారు' అన్నట్టే.

బియాకా కళ్ళు భార్య రాళ్ళు ఏరిన బుట్ట మీద పడ్డాయి. అన్నిటికంటే పైనున్న రాయి అతను పెట్టినదే.

"మర్చిపోయాను" అన్నాడు.

"మావీ నాన్నా, అబద్ధం ఆడితే నీ చెవులు ఎర్రబడతాయి" అంది థన్‌పుయి, బిడ్డ పేరుతో భర్తను పిలుస్తూ. "జిరీ, ఆ రాయి నేనే తీశాను. తల వంచుకుని ఏరుతూ పోయాను, అది మా బండి కింద రాయని కూడా చూడలేదు."

"నన్ను కాపాడాలని అంటోందమ్మా."

"నిన్ను కాపాడ్డానికి వేరే పని లేదా నాకు?"

నుంజిరి నవ్వు ఆపుకుంది. "రాయి ఎవరు తీసినా కేసు మారదు. ఎదురొచ్చేవాళ్ళకు కనపడని మలుపులో, బ్రేకు లేని బండి వదిలి వెళ్ళారు. బాధ్యత నడిపేవాళ్ళదే. పి థన్‌పుయి, ఇందులో మీ పేరు రాసే చోటు లేదు."

కేసు రాసింది.

బియాకా అక్కడే ఫోన్ తీశాడు. ఇంకొకరు చెప్పేలోపు యజమానికి తానే చెప్పాలనుకున్నాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. థన్‌పుయి అతని మోచేయి పట్టుకుని నిలబడింది.

"ఎవరికైనా తగిలిందా?" అన్నాడు యజమాని.

"లేదు."

"బ్రేకు సంగతి నువ్వు రెండుసార్లు చెప్పావు, నేనే వాయిదా వేశాను. మెకానిక్‌ను పంపుతాను. తాళాలు నీ దగ్గరే ఉంచుకో. మళ్ళీ మలుపులో ఆపితే మాత్రం ఫోన్ కూడా చెయ్యకు."

పదిమంది కలిసి బండిని మట్టిలోంచి తోశారు. థన్‌పుయి ముందు నడుస్తూ చదునైన చోటికి దారి చూపింది.

"గోడకు దగ్గరగా. ఇంకా. ఈ రోడ్డు నీ ఒక్కడిదే అనుకున్నావా?"

బియాకా ఇంకో జానెడు జరిపాడు.