డేగిసా కొండెక్కిన ఆదివారం

కట్టెల పొయ్యి మీద పెట్టే డేగిసాకు ముందుగానే బయటంతా సబ్బు పూయాలి. అప్పుడు మసి గిన్నెకు అంటకుండా సబ్బుకే పట్టి, తర్వాత నీళ్లు పోయగానే ఊడి వస్తుంది. పెళ్లైన కొత్తలో మా అత్తగారు ఒతీలియా నాకు నేర్పిన మొదటి విద్య ఇది. ఆ ఆదివారం పొద్దున పెరట్లో కూర్చుని సబ్బు పూస్తుంటే మా ఆయన ఎవెలియో కాఫీ కప్పుతో వచ్చి, "ఇంకో కోడి ఎక్కువ వెయ్యి, యోలీ. కౌన్సిలర్లు ముగ్గురూ వస్తున్నారు. వాళ్ల కడుపు చల్లగా ఉంటే మన నదీ చల్లగా ఉంటుంది" అన్నాడు. తన మాటకు తనే ముచ్చటపడి నవ్వాడు. నేను తలొంచుకుని సబ్బు పూస్తూనే ఉన్నాను. ఆ రోజు నేను చేయబోయే పని అతనికి తెలియదు. నాకూ మా పక్కింటి ఎస్నేదాకూ మాత్రమే తెలుసు.

మా ఊళ్లో ఆదివారం అంటే నదే. కోడి, అరటికాయలు, కర్రపెండలం, మొక్కజొన్న జీపులో వేసుకుని ఇంటిల్లిపాదీ ఒడ్డుకు పోతారు. రాళ్ల మధ్య మంట పెట్టి, అన్నీ కలిపి సాంకోచో పులుసు కాచుకుని, తిని, ఈదులాడి వస్తారు. ఎవెలియో అధ్యక్షుడుగా ఉన్న 'నది నేస్తాలు' సంఘం కూడా నెలకోసారి ఇదే చేస్తుంది. కాకపోతే దాన్ని ప్రకృతి యాత్ర అంటారు. మగవాళ్లు, పిల్లలు, కాలీ నగరం నుంచి వచ్చిన విద్యార్థులు మెడలో బైనాక్యులర్లు వేసుకుని కొండ మీది జలపాతం దాకా ఎక్కుతారు. నేనూ ఎస్నేదా కింద మంట దగ్గర ఉంటాం. సంఘం పెట్టి ఏడేళ్లయింది. సంఘం చొక్కాల మీద, జలపాతం దగ్గర రాళ్లలో ఉండే ఎర్రటి రాతిపుంజు పక్షి బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మలన్నీ కుట్టింది నేనే. ఆ పక్షిని మాత్రం ఒక్కసారి కూడా చూసి ఎరగను. వాళ్లు దిగి వచ్చేసరికి పులుసు తయారుగా ఉండాలి కదా. చెమటలు కక్కుకుంటూ, మెరిసే కళ్లతో వచ్చి, "అబ్బ, ఏం చూశాం యోలీ, నువ్వూ రావాల్సింది" అంటూ గిన్నె చాపుతారు.

రానని నేనెప్పుడన్నాను? రెండో ఏడాదే బూట్లు కొనుక్కుని తయారయ్యాను. "రా, ఎవరొద్దన్నారు? మరి మంట ఎవరు చూస్తారు?" అన్నాడు ఎవెలియో. ఎవరొద్దన్నారు అన్న మాట కంటే గట్టి గొళ్లెం ఏ కమ్మరీ చేయలేడు. వద్దంటే పోట్లాడొచ్చు. వద్దనని వాడితో ఏం పోట్లాడతాం? మరోసారి, "నీ మోకాళ్లకు ఆ ఎక్కుడు పడదు" అన్నాడు. వారమంతా మందుల షాపు కౌంటర్ వెనక పొద్దస్తమానం నిలబడే మోకాళ్లే అవి, అప్పుడు వాటి మీద ఎవరికీ జాలి కలగలేదు. మా అత్తగారైతే, "నదిలో చూసేదేముందమ్మాయ్? మన కుళాయిలోకొచ్చే నీళ్లేగా" అని తేల్చేసింది. ఆమె కూడా ఎన్నడూ పైకి ఎక్కలేదు. పాపం, ఆమెను కూడా ఎవరూ వద్దనలేదు.

ఇదంతా మింగి ఊరుకునేదాన్నేమో. కానీ నిరుడు నది కింది మలుపు పోయింది. కంకర కంపెనీకి అక్కడ తవ్వుకునే హక్కు ఇవ్వాలా వద్దా అని కౌన్సిల్లో ఓటు పెట్టారు. ఓటుకు ముందు మా సంఘం కౌన్సిలర్లను నదికి పిలిచింది. నేను వాళ్లకు రెండు రకాల సాస్‌తో పులుసు పెట్టాను. కడుపు నిండిన వాడికి గారెలు చేదంటారు, ఇక జలపాతం ఎవరికి కావాలి? ఊయల కట్టుకుని నిద్రపోయారు. లేచి, యోలీమా గారి చేతిలో అమృతం ఉందని మెచ్చుకుని, వెళ్లి కంపెనీకి ఓటేశారు. మేం మంట పెట్టే చోట ఇప్పుడు లారీలు తిరుగుతున్నాయి. మేం ఇంకో మలుపు పైకి జరిగాం. ఇప్పుడు కంపెనీ పై కొండ అడుగుతోంది. వచ్చే గురువారం ఓటు. జలపాతం జోలికి పోమని, దానికి చాలా దూరంలోనే తవ్వుకుంటామని వాళ్లు రాసిచ్చారట. ఎవెలియో చేతిలో ఉన్న ఉపాయం మళ్లీ నా పులుసే. నిరుడు జలపాతం చూడనిది కౌన్సిలర్లు మాత్రమే కాదు, నేనూ చూడలేదు. దాన్ని చూడకుండానే పోగొట్టుకుంటానేమోనన్న భయం వారమంతా నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ భయంలోంచే ఈ ఆలోచన పుట్టింది. పుట్టగానే షాపులో దగ్గు మందు సీసా పట్టుకుని ఒక్కదాన్నే పకపకా నవ్వాను.

ఎప్పటిలాగే సరుకులతో ముందు జీపులో మేమిద్దరం బయల్దేరాం. అతిథులను తీసుకుని ఎవెలియో వాళ్లు పది గంటలకు వస్తారు. ఒడ్డుకు చేరగానే ఎస్నేదా అరటికాయలు, కర్రపెండలం, కోళ్లు, మొక్కజొన్న, కట్టెలు వేర్వేరు మూటలు కట్టింది. ఖాళీ డేగిసాను పాత దుప్పటితో నా వీపుకు కట్టింది. "దూరం నుంచి చూస్తే తాబేలు నడిచినట్టుంది, దేవుడు చల్లగా చూడాలి, పో" అంది. నేను పోయాను. మొదటి మలుపు దాటాక కాళ్లకు ఏమైందో, పరుగులాంటి నడక వచ్చేసింది. కొమ్మ తగిలినప్పుడల్లా డేగిసా గుడిగంటలా ఖంగుమంటుంటే నవ్వొచ్చింది. వాగు దాటడానికి పడేసిన దుంగ మీద నాలుగు కాళ్లతో పాకాను, చూసేవాళ్లెవరూ లేరు కదా. ఆకుల నుంచి నీళ్లు మెడ మీద పడుతున్నాయి, బురద బూట్లలోకి వస్తోంది, ఊపిరి అందడం లేదు. అయినా ఆగబుద్ధి కాలేదు. నలభై ఆరేళ్ల దాన్ని, బడికి సెలవిచ్చినట్టు గంతులేస్తూ ఎక్కాను. మోకాళ్లు నొప్పి పెట్టాయి, పెట్టలేదని అబద్ధం చెప్పను. చివరి బండ ఎక్కేసరికి చల్లటి తుంపర మొహానికి కొట్టింది. ఎదురుగా జలపాతం. తెల్లగా, ఎత్తుగా, ఒకటే హోరు. నాకు ఏడుపొచ్చింది. ఏడేళ్లుగా కూతవేటు దూరంలో దీన్ని పెట్టుకుని, నేను పులుసులో ఉప్పు చూస్తూ కూర్చున్నానా అని నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపమూ ఎక్కువసేపు నిలవలేదు, చూడ్డానికి అంత ఉంది.

ఎర్ర పక్షి కోసం వెతికాను. కనిపించలేదు. జలపాతం పక్క రాతిగోడ మీద, గూట్లో దీపం పెట్టే చోటంత సందులో, మట్టితో మెత్తిన గూడు కనిపించింది. అందులో గోధుమరంగు పక్షి ఒకటి కూర్చుని ఉంది. రాతిపుంజు పెట్ట అది. ఎవెలియో ప్రతి యాత్రలోనూ పుంజు ఎలా నాట్యమాడుతుందో అభినయం చేసి మరీ చూపిస్తాడు. గూడు కట్టేదీ పొదిగేదీ పెట్టేనని ఆ ఉపన్యాసంలో ఎప్పుడూ రాలేదు. "చొక్కాల మీద నీ బొమ్మ కూడా కుడతానమ్మా" అని దానికి మాటిచ్చాను. అప్పుడే గూటి కింద, రాతి మీద తెల్లరంగు కనిపించింది. బాణం గుర్తు, పక్కన కంకర కంపెనీ పేరులోని మూడక్షరాలు. రంగు ఇంకా కొత్తగా ఉంది. చాలా దూరంలో తవ్వుకుంటామని రాసిచ్చినవాళ్లు గుర్తు పెట్టుకున్నది ఈ గోడ మీద. కౌన్సిలర్లు ముగ్గురూ ఇక్కడికి వచ్చి తీరాలి.

కింద జరిగింది ఎస్నేదా తర్వాత కళ్లకు కట్టినట్టు చెప్పింది. జీపులు ఆగాయి. పొగ లేదు, వాసన లేదు. మూటల మధ్య ఎస్నేదా రాణిలా కూర్చుంది. పులుసేదని ఎవెలియో అడిగితే, పైన అంది. డేగిసా ఏదంటే, అదీ పైనే అంది. తలా ఓ మూట ఎత్తుకుంటే మధ్యాహ్నానికి తినొచ్చు, లేదంటే ఊళ్లో బేకరీ తెరిచే ఉంది అని చెప్పి తన కొత్తిమీర కట్ట పట్టుకుని నడక మొదలుపెట్టిందట. కౌన్సిలర్లలో పెద్దాయన దోన్ ఫనోర్, తెల్లబూట్లవాడు, ముందు ముక్కు చిట్లించాడు. తర్వాత, "పొద్దున కాఫీ తప్ప ఏం పడలేదయ్యా" అంటూ అరటికాయల మూట భుజానికెత్తుకున్నాడు. ఆయన ఎత్తాక మిగతావాళ్లు ఎత్తకపోతే బాగుంటుందా? ఎవెలియోకి కర్రపెండలం బస్తా మిగిలింది.

పైకి చేరేసరికి అతని మొహం కందగడ్డలా ఉంది. బస్తా దించి నా చెవిలో, "నా పరువు తీశావు కదే" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే వెనక దోన్ ఫనోర్ మూట కింద పడేసి, జలపాతం వైపు చూస్తూ నోరు తెరిచి నిలబడిపోయాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాడు, మూడుసార్లు గెలిచినవాడు, ఆయన కూడా ఇదే మొదటిసారి చూడటం. నేను ఆయన చేయి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లాను. గూడు చూపించాను. తర్వాత వేలు కొంచెం కిందికి దించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు. మిగతా ఇద్దరినీ పిలిచి చదివించాడు. "మాకు చెప్పింది ఇది కాదే" అన్నాడు మెల్లగా. బూట్ల సంగతి మరిచిపోయి బురదలో అలాగే నిలబడ్డాడు. ఎవెలియో ఒకసారి గోడను, ఒకసారి నన్ను చూశాడు. అతని మొహంలో కోపం పక్కనే ఇంకేదో కూడా ఉంది, దానికి నేను పేరు పెట్టను.

పొయ్యి నేను వెలిగించలేదు. బండ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఎస్నేదా బైనాక్యులర్లు ఎవరి మెడలోంచో లాక్కుని గూడు చూస్తోంది. తడి కట్టెలతో మగవాళ్లు ఊరంతటికీ సరిపడా పొగ పెట్టారు. చివరికి దోన్ ఫనోరే వంగి ఊది మంట చేశాడు. కర్రపెండలం సగం ఉడికింది, ఉప్పు ఇద్దరు వేశారు. అయినా అలాంటి పులుసు నా జన్మలో తినలేదు. రెండు గిన్నెలు తిన్నాను.

దిగేటప్పుడు దుంగ దగ్గర దోన్ ఫనోర్ ఆగి, గురువారం ఓటుకు ముందు సభలో సంఘం తరఫున ఎవరు మాట్లాడతారని అడిగాడు. ఎవెలియో అలవాటుగా గొంతు సవరించుకున్నాడు. అతను సవరించుకునేంతలో నేను, "నేనే మాట్లాడతాను. ఈ రోజు చూసింది చూసినట్టు చెప్తాను" అనేశాను. ముసలాయన తలూపి దుంగ మీద కాలు పెట్టాడు. వెనక ఎస్నేదా ఈల వేసింది.

జీపులో ఇంటికి వస్తూ ఎవెలియో నా పక్కన కూర్చున్నాడు. ఖాళీ డేగిసా అతని ఒళ్లో ఉంది, మసి అతని ప్యాంటుకు అంటుతోంది. బాధ్యతగా ఆలోచించే మనిషిలా నుదురు ముడిచి చివరికి అడిగాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే తెలియక అడిగాడు.

"గురువారం సభ రాత్రి దాకా సాగుతుంది యోలీ. మరి ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"ఆకలేసినవాళ్లు" అన్నాను.