విప్పిన కుట్లు

ఆ వీధిలో జనం పోలీసులకి కూడా జడిసేవారు కాదు కానీ టైలరమ్మ నోటికి జడిసేవారు. "గుడ్డ జానెడు తెచ్చి జాకెట్టు బారెడు కుట్టమంటే నేనేమన్నా గారడీ చేస్తానా?" అని మొహం మీదే అడిగేది. అలా తిట్టి కుట్టినది ఒంటికి అతికినట్టు ఉండేది కాబట్టి, తిట్లు తినడానికే వచ్చినట్టు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. ముందుగదిలో దుకాణం, వెనకగదిలో కాపురం. రెండో మిషన్ మీద చెల్లెలు. అక్కకి మొగుడు పోయాడు, చెల్లెలికి అసలు రానే లేదు. వాళ్ళమ్మ ఏ జబ్బుతో పోయిందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఛాతీ మీద గడ్డ అని గొణిగి ఊరుకున్నారు.

టైలరమ్మకి ఒక పద్ధతి ఉండేది. ఏ జాకెట్టు కుట్టినా పక్కల్లో గుడ్డ వదిలి, లోపల మూడు వరసల కుట్టు వేసేది. మనిషి ఒళ్ళు చేస్తే ఒక వరస విప్పుకుంటే సరి, మళ్ళీ దుకాణం మెట్లు ఎక్కనక్కర్లేదు. "ఒళ్ళు మన చేతుల్లో ఉండదమ్మా, కుట్టు ఉంటుంది" అనేది. ఎంత పొగరు మాటో అప్పుడు ఆమెకి తెలియదు.

తన జాకెట్టు ఎడమ పక్కన బిగిసినప్పుడు కూడా ఆమె అదే పని చేసింది. ఒక వరస విప్పింది. తడిమితే గట్టిగా ఏదో తగిలింది కానీ, నొప్పి లేదు కదా అనుకుంది. పైగా అది స్కూలు యూనిఫారాల సీజను, తల ఎత్తే తీరిక లేదు. కొన్నాళ్ళకి రెండో వరస విప్పింది. ఆ తర్వాత మూడోదీ విప్పి, ఆ సందులో చిన్న అతుకు వేసుకుంది. అతుకు సరిగా కూర్చుందో లేదో అద్దంలో చూసుకుంటుంటే చర్మం మీద సొట్ట కనిపించింది. అప్పుడు ఏడ్చింది. వీధి వీధంతటికీ కొలతలు తీసిన మనిషి, తన ఒంటి సంగతి తన నుంచే దాచుకోవడానికి తన చేతి పనినే వాడుకుంది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

"ఎప్పటి నుంచి ఉందమ్మా?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగితే నెలలు చెప్పలేకపోయింది. సిగ్గు చంపుకుని కుట్ల సంగతీ, వాళ్ళమ్మ గడ్డ సంగతీ చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మొదటి వరస విప్పినప్పుడే వచ్చుంటే ఇంత కొయ్యాల్సిన పని ఉండేది కాదమ్మా" అంది. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగి, "అమ్మకి వచ్చింది, అక్కకి వచ్చింది. నువ్వూ చూపించుకోవాలి" అంది.

"నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను. ముందు మా అక్క సంగతి చూడండి" అంది చెల్లెలు.

ఆపరేషన్ అయింది. తర్వాత మందు ఎక్కించడం మొదలైంది. నోరంతా పూసి, మంచినీళ్ళు మింగడం కూడా గగనమైంది. దిండు మీద రాలిన జుట్టుని అక్క కంట పడకుండా చెల్లెలు ఎత్తి పారేసేది. వాంతి గిన్నె పట్టేది. చెయ్యి వాయకుండా రోజూ గోడ మీద వేళ్ళు పాకించేది. మధ్యలో పరుగున వెళ్ళి దుకాణం చూసుకునేది. కట్టు తీసిన రోజు టైలరమ్మ అద్దంలో చూసుకుని, "సగం కుట్టి వదిలేసినట్టున్నానే" అంది. చెల్లెలు నవ్వబోయి నవ్వలేకపోయింది.

"పరీక్షకి ఎప్పుడెళ్తావే?" అని అడిగినప్పుడల్లా ఆమెది ఒకటే జవాబు. "వెళ్తాలే అక్కా. ముందు నువ్వు లే."

పోట్లాడే ఓపిక అప్పుడు టైలరమ్మకి లేదు.

జుట్టు మళ్ళీ మొలకెత్తాక ఒక ఉదయం ఆమె ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. బరువు కత్తెర పట్టొద్దన్నారు కాబట్టి హుక్కులు కుట్టే పనైనా చేద్దామనుకుంది. చెల్లెలు కూరగాయలకి వెళ్ళింది. ఆరేసి తెచ్చిన బట్టల్లో చెల్లెలి జాకెట్టుకి ఒక హుక్కు వేలాడుతోంది. దాన్ని కుట్టి, అలవాటు కొద్దీ జాకెట్టు తిరగేసి చూసింది.

కుడి పక్కన లోపలి వరస లేదు. సూది దిగిన చిల్లులు మాత్రం బారుగా ఉన్నాయి. దాని పక్క వరసా లేదు. ఎడమ పక్కన మూడు వరసలూ భద్రంగా ఉన్నాయి. ఒళ్ళు చేస్తే రెండు పక్కలా చేస్తుంది. ఒక్క పక్కే బిగుసుకుపోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో తెలియనిది ఎవరికి? టైలరమ్మకి కోపం నసాళానికి అంటింది. లేచి మిషన్ మీద కూర్చుని, చెయ్యి లాగుతున్నా లెక్కచేయకుండా, ఆ చిల్లుల మీదే రెండు వరసలూ మళ్ళీ కుట్టేసింది.

చెల్లెలు గుమ్మంలో అడుగు పెట్టగానే జాకెట్టు చాచింది. "తొడుక్కో."

"ఇప్పుడెందుకక్కా?"

"హుక్కు కుట్టాను. పడుతుందో లేదో చూడాలి."

చెల్లెలు లోపలికి తిప్పి చూసింది. కొత్త దారం కనిపించింది. సంచి కింద పెట్టి, వెనకగదిలోకి వెళ్ళి తొడుక్కుంది. మొదటి హుక్కు పడింది. రెండోది పడలేదు. ఊపిరి బిగబట్టి లాగింది. అయినా పడలేదు. అలాగే మంచం మీద కూలబడింది.

"ఎప్పుడు చూసుకున్నావే?"

"నీకు మందు మొదలెట్టినప్పుడు."

"అప్పట్నుంచీ బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నావా? నా గతి కళ్ళారా చూసి కూడానా?"

"చూశాను కాబట్టే భయమేసింది" అంది చెల్లెలు. "అయినా ఇద్దరం మంచాన పడితే గిన్నె పట్టేదెవరక్కా? నువ్వు లేచి కూర్చునేదాకా ఆగుదామనుకున్నాను."

టైలరమ్మకి తిట్లు కరువయ్యాయి. బుద్ధెరిగాక అదే మొదటిసారి. తన కోసం ఆగిన మనిషిని ఏమని తిట్టాలి? తనకి దక్కిన ఈ నెలలు ఎవరి ఆయుష్షులోంచి తీసినవో అప్పుడర్థమైంది.

"లేచాను కదా" అంది చివరికి. "ఇక నువ్వు పద."

అదే గది, అదే బల్ల. డాక్టరమ్మ తెర వెనక చెల్లెల్ని చూసి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంది. తర్వాత కలం తీసి, "ఎప్పటి నుంచి?" అంది.

చెల్లెలు అక్క వంక చూసింది. టైలరమ్మ సంచిలోంచి జాకెట్టు తీసి, తిరగేసి బల్ల మీద పరిచింది. "ఈ కొత్త దారం ఇవాళ నేను వేసింది డాక్టరమ్మా. పొద్దున్నదాకా ఈ రెండు వరసలూ లేవు."

డాక్టరమ్మ ఆ కుట్ల వెంట వేలు జరిపింది.

"మూడోది?" అంది.

"ఉందండీ. దాన్నింకా విప్పలేదు" అంది టైలరమ్మ. అది మంచి కబురో కాదో తెలియక డాక్టరమ్మ మొహంలోకే చూస్తూ కూర్చుంది.